ఇక్కడికి కాదా, మరెక్కడికి?

మా వదినను దారి అడిగితే వెంటనే చెప్పదు. ముందు మనల్నే అడుగుతుంది. "ఏడో నంబరు బస్సు ఎక్కడ ఆగుతుంది?" అన్నామనుకోండి, "ఇంతకీ నువ్వు వెళ్ళాల్సింది ఎక్కడికి?" అంటుంది. అడిగినదానికి జవాబు చెప్పకుండా ఎదురు ప్రశ్న వేసేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఆమె మా ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి వారంలోనే ఈ విషయంలో మా ఇద్దరికీ గొడవైంది. కత్తెర ఎక్కడుందని అడిగాను. "దేనికి?" అంది. "కత్తెర వదినా, కత్తెర! దేనికైతే నీకెందుకు?" అని అరిచాను. ఆమె ఏమాత్రం తొణక్కుండా, "కాగితానికైతే బల్ల సొరుగులో ఉంది, గోళ్ళకైతే అద్దం దగ్గరుంది, బట్టకైతే కుట్టుమిషను మీదుంది. ఇప్పుడు చెప్పు, దేనికి?" అంది. నాకు కావలసింది పాల ప్యాకెట్టు కోయడానికి. ఆ కత్తెర వంటింట్లో కొక్కేనికి వేలాడుతోంది. ఆమె అడగకపోయి ఉంటే కుట్టుమిషను కత్తెరతో పాల ప్యాకెట్టు కోసి మా అమ్మ చేత చీవాట్లు తినేవాణ్ణి. అయినా ఆ రోజు ఒప్పుకోలేదు. ఒప్పుకోవడం నా ఒంట్లో లేదు.

ఆమెకు ఆ అలవాటు ఉద్యోగం నుంచి వచ్చింది. పద్దెనిమిదేళ్ళు బస్‌స్టాండులో ఎంక్వయిరీ కౌంటరు వెనక కూర్చుంది. అద్దానికి అరచేతి వెడల్పున ఒక బెజ్జం, దాన్ని ఏ మహానుభావుడు పెట్టించాడో గానీ నిలబడ్డ మనిషి బొడ్డు ఎత్తులో ఉండేది. వచ్చినవాళ్ళంతా నడుము వంచి అందులోకి మాట్లాడాల్సిందే. లోపల ఒక మైకు, గోడకు ఒక ఫ్యాను, కుర్చీలో వదిన స్వయంగా కుట్టుకున్న నీలం దిండు. ఒకసారి ఒక పెద్దావిడ వచ్చి ఏడో నంబరు బస్సు ఎక్కడని అడిగితే, అప్పటికి కొత్తగా చేరిన వదిన నాలుగో ప్లాట్‌ఫారం అని చెప్పి పంపించేసింది. గంటన్నర తర్వాత ఆవిడ చెమటలు కక్కుకుంటూ తిరిగొచ్చింది. ఆవిడ వెళ్ళాల్సింది కూతురు కాన్పుకు చేరిన ఆసుపత్రికి. అక్కడికి వెళ్ళేది తొమ్మిదో నంబరు. ఎవరో ఆవిడకు ఏడు అని తప్పు చెప్పారు. "నేను సరిగ్గానే చెప్పాను, ఆవిడే తప్పు అడిగింది అనుకుని ఊరుకోవచ్చు. కానీ ఆ మొహం చూశాక ఊరుకోలేకపోయా" అని వదిన ఈ కథ మాకు కనీసం వందసార్లు చెప్పింది. ఆ రోజు నుంచి ఎవరు ఏ బస్సు అడిగినా, ముందు ఎక్కడికని అడగడం, దారి చెప్పాక చివర్లో "అక్కడికే కదా?" అని ఒక్క మాట అదనంగా అనడం ఆమె పద్ధతైపోయింది.

తర్వాత బస్‌స్టాండులో పెద్ద పెద్ద తెరలు పెట్టారు. బస్సుల నంబర్లు, వేళలు వాటి మీద పరుగెత్తుతుంటాయి. ఇక మనిషెందుకని కౌంటరు మూసేశారు. వదినకు ఒక ఫ్లాస్కు బహుమతిగా ఇచ్చి, చప్పట్లు కొట్టి, ఇంటికి పంపారు. దిండు, ఫ్లాస్కు రెండు చంకల్లో పెట్టుకుని బయటికి వస్తుంటే సరిగ్గా ఆ తెర కింద నిలబడ్డ ఒకాయన "అమ్మా, ఈ బస్సులు ఎటు పోతాయో కాస్త చెబుతారా?" అని అడిగాడట. వదిన అక్కడే నిలబడి ఆయనను బస్సెక్కించి ఇంటికొచ్చింది.

ఆ తర్వాత మూడు నెలలు మా ఇల్లు ఇల్లులా లేదు. డబ్బాలన్నిటికీ చీటీలు అంటించింది. స్విచ్చుల కింద ఏది ఏ దీపానిదో రాసింది. మా అన్నయ్య పళ్ళ డాక్టరు దగ్గర కట్టుడుపళ్ళు తయారుచేస్తాడు, ఇంట్లో మాత్రం నోరు విప్పడు. అలాంటి మనిషి కూడా ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, "ఒరేయ్, నా చెప్పుల మీద కూడా కుడి, ఎడమ అని రాసిందిరా. ఏదో ఒకటి చెయ్యి" అన్నాడు.

నా సంగతి చెప్పలేదు కదూ. బస్సు డిపోలకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే చిన్న కంపెనీలో నేను ప్రోగ్రామర్ని. కళ్ళజోళ్ళ దుకాణం పైన రెండు గదులు, ఏడుగురు మనుషులు, ఒక ఫోను. డ్రైవర్ల డ్యూటీలు, డీజిలు, స్పేరు పార్టులు, రిపేర్లు, ఇలా ఒక్కో పనికి ఒక్కో మాడ్యూలు, మొత్తం పన్నెండు. వాటికి యూజర్ మాన్యువల్ రాసింది నేనే. మూడువందల నలభై పేజీలు, పన్నెండు అధ్యాయాలు, మాడ్యూలుకు ఒకటి చొప్పున ముత్యాల్లా పేర్చాను. అంత చక్కగా రాశానా, అయినా డిపో నుంచి రోజుకు అరవై ఫోన్లు! ఆ ఫోను మోగితే చాలు, ఆఫీసులో అందరికీ ఒకేసారి మంచినీళ్ళ దాహం వేసేది. అందరూ లేచి వెళ్ళిపోగా మిగిలేది నేనే. "అంతా మాన్యువల్లో ఉంది, చదువుకోండి!" అని అరిచి అరిచి నా గొంతు పోయేది.

ఒక సాయంత్రం ఆ మాన్యువల్ని ఇంటికి తెచ్చి భోజనాల బల్ల మీద పడేశాను. వదిన తిరగేసింది.

"మరిదిగారూ, బస్సుకు బ్రేకు పట్టడం లేదని మెకానిక్కు రాసుకోవాలనుకో. ఏ పేజీ చూడాలి?"

"మూడో అధ్యాయం. ఆస్తి స్థితి మార్పు."

"ఏమిటీ?"

"బస్సు ఆస్తి కదా వదినా. బ్రేకు పోతే దాని స్థితి మారినట్టే కదా."

వదినకు నవ్వు మొదలైంది. నవ్వీ నవ్వీ ఎక్కిళ్ళు వచ్చాయి. మా అన్నయ్య మంచినీళ్ళ గ్లాసు అందించి తను కూడా నవ్వాడు. మా అమ్మకు విషయం అర్థం కాకపోయినా కోడలు నవ్వుతోంది కదా అని నవ్వింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "అంత తెలివైనదానివైతే వచ్చి నువ్వే రాయి!" అన్నాను. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి చూస్తే, వదిన నీలం దిండు పట్టుకుని గుమ్మంలో సిద్ధంగా నిలబడి ఉంది.

మా బాసును మేం గీతల సారు అంటాం. ఏ తగవు వచ్చినా తెల్లబోర్డు మీద గీతలు గీసి లెక్కపెట్టి తేలుస్తాడు. ఆయన వదినతో పది నిమిషాలు మాట్లాడి, "ఆరు నెలలు చూద్దాం" అన్నాడు.

మొదటి నెలంతా వదిన ఒక్క ముక్క రాయలేదు. ఫోను పక్కన కూర్చుంది. ఎవరు ఫోన్ చేసినా, వాళ్ళు అన్న మొదటి మాటను అన్నది అన్నట్టుగా పొడవాటి నోటుపుస్తకంలో రాసుకుంది. 'టైరు కావాలి, ఇవ్వనంటోంది.' 'డ్రైవరు రాలేదు, బండి ఆగిపోయింది, ఏం నొక్కాలి?' 'నిన్నటిది ఇవాళ పడింది, తీసెయ్యండి.' నా పన్నెండు మాడ్యూళ్ళ పేర్లు వాళ్ళలో ఒక్కడి నోటా రాలేదు. ఆ నోటుపుస్తకం చూశాక గానీ ఆ సంగతి నా బుర్రకు తట్టలేదు. తమ కష్టం ఏ మాడ్యూలు కిందికి వస్తుందో తెలిసినవాడు మాకు ఫోనే చేయడు కదా!

తర్వాత ఆ మాటలన్నిటినీ చీటీలుగా కత్తిరించింది, సొరుగులోని కాగితం కత్తెరతోనే. ఇంట్లో మంచమంతా పరిచింది. మా అన్నయ్య వారం రోజులు సోఫాలో పడుకున్నాడు. చీటీలు ఐదు కుప్పలుగా తేలాయి. బండి బయల్దేరే ముందు, బండి దారిలో ఉండగా, బండి తిరిగొచ్చాక, బండి కదలకపోతే, మనిషి రాకపోతే. కొత్త మాన్యువల్లో భాగాలు ఆ ఐదే. ఏ స్క్రీను మీదున్నా సరే, మూలనున్న ప్రశ్న గుర్తు నొక్కితే ఆ పనికి సంబంధించిన ఒక్క పేజీ తెరుచుకోవాలంది. పేజీ పైన అది ఎవరికో ఒక మాట. తర్వాత ఏడు మెట్లకు మించకుండా చేయవలసిన పని. ఇక అడుగున, ప్రతి పేజీకీ, పెద్ద అక్షరాల్లో 'ఇక్కడికి కాదా? మరెక్కడికి?' అని రాసి, చీటీల్లోని మాటలతోనే ఓ పది దారులు చూపించింది. 'టైరు కావాలా?' 'సెలవు చీటీ పెట్టాలా?' 'నిన్నటిది ఇవాళ పడిందా?' ఏది నొక్కితే ఆ పేజీకి వెళ్ళిపోవచ్చు. పదింటిలో తమది లేకపోతే, చివరి దారి నొక్కితే మొదటి పేజీకి చేరవచ్చు.

ఆ అడుగుభాగం మీద నేను ఆమెతో యుద్ధమే చేశాను.

"వదినా, టైరు స్క్రీనులో ప్రశ్న గుర్తు నొక్కితే టైరు పేజీయే వస్తుంది. ఇంక 'ఇక్కడికి కాదా' ఏమిటి? ఖచ్చితంగా ఇక్కడికే! చోటు దండగ."

"ఖచ్చితంగా ఏడో నంబరే అనుకుని గంటన్నర తిరిగిందయ్యా ఆవిడ."

"ఆవిడ మాట ఇంకోసారి ఎత్తావంటే నేను ఉద్యోగం మానేస్తా!"

"మానెయ్. కుర్చీ నాకిచ్చి వెళ్ళు, నాది కిర్రుమంటోంది" అంది. అడుగుభాగం అలాగే ఉండిపోయింది.

ఆరు నెలలు కావస్తుండగా మిగతా ప్రోగ్రామర్లు సణగడం మొదలుపెట్టారు. మాడ్యూళ్ళ వరుస లేని మాన్యువల్ కూడా ఒక మాన్యువలేనా అని. గీతల సారు బోర్డు దగ్గరికి వెళ్ళాడు. "వచ్చే సోమవారం డిపోలో కొత్త మాన్యువల్ పెడదాం. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకు మన ఫోను ఎన్నిసార్లు మోగుతుందో గీతలు గీద్దాం. పదికి మించకపోతే అమ్మ ఉద్యోగం పర్మనెంటు. మించితే పాత పుస్తకమే ఉంచుదాం, అమ్మకు ఒక నమస్కారం పెడదాం" అన్నాడు. రోజుకు అరవై మోగే ఫోను పదికి దిగాలట! నేను నోరెళ్ళబెట్టాను. వదిన మాత్రం, "డిపో ఫోనే అయి ఉండాలని మెలికలేం వద్దు సార్. మోగిందంటే మోగినట్టే, గీత గీయండి" అంది. ఈ వదిన తెలివి వేరే!

ఆ సాయంత్రం మెట్లు దిగుతూ నాతో మెల్లగా ఒక మాట అంది. "కౌంటరు మూసేసినప్పుడు నా తప్పేం లేదు, తెరలొచ్చాయి, అంతే అనుకున్నా. ఇది పోతే మాత్రం నాకు చేతకాదన్నమాటే కదా." ఆమె నవ్వకుండా మాట్లాడటం అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. ఈ ఉద్యోగం ఆమెకు దక్కాలని నాకెంత ఉందో అప్పుడు తెలిసింది.

ఇంత తెలిసినవాణ్ణి, పప్పులో కాలేశాను.

శుక్రవారం డిపో వాళ్ళు ఒక కొత్త స్క్రీను అడిగారు. బస్సులో మర్చిపోయిన గొడుగులు, సంచులు, టిఫిను డబ్బాలు రాసుకోవడానికి. మా దగ్గర స్క్రీన్లన్నీ ఒక వరుసలో ఉంటాయి. మూడో స్క్రీనులో ప్రశ్న గుర్తు నొక్కితే మూడో పేజీ, నాలుగో స్క్రీనులో నొక్కితే నాలుగో పేజీ తెరుచుకునేలా నేనే కట్టాను. కొత్త స్క్రీను వస్తే బుద్ధిగా వరుస చివర చేర్చాలి. కానీ ఇది కండక్టర్లు వాడేది కదా, కండక్టర్ల స్క్రీన్ల పక్కనైతే ముచ్చటగా ఉంటుందని నాలుగో చోట దూర్చాను. దాని పేజీని మాత్రం చివర పెట్టాను. మొదటి రెండు స్క్రీన్లలో ప్రశ్న గుర్తు నొక్కి చూసుకున్నాను. బ్రహ్మాండంగా ఉంది. ఈల వేసుకుంటూ ఇంటికెళ్ళాను.

సోమవారం పొద్దున ఆరింటికల్లా ఏడుగురం ఫోను చుట్టూ చేరాం. వదిన నీలం దిండు మీద కూర్చుని ఫ్లాస్కులోంచి అందరికీ టీ పోసింది. గీతల సారు బోర్డు తుడిచి పెన్ను పట్టుకుని నిలబడ్డాడు. ఏడు దాటాక మొదటి మోత. ఎవరో కింది దుకాణం అనుకుని, తన కళ్ళజోడు తయారైందా అని అడిగారు. "కింది అంతస్తండీ. వాళ్ళు పదింటికి తీస్తారు. కళ్ళజోడుకేగా?" అంది వదిన. ఒక గీత.

ఎనిమిదింటికి రెండో మోత. మా అమ్మ.

"ఒరేయ్, ఇవాళ ఆఫీసుకు ఫోన్ చేయొద్దన్నావు కదా. ఎందుకు చేయొద్దన్నావో అడుగుదామని చేశా."

"అమ్మా! పెట్టెయ్!" అని అరిచాను. రెండో గీత. వదిన కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది.

మూడోది ప్రింటర్లో కాగితం ఇరుక్కుందని. తర్వాత పది దాటేవరకు ఫోను ఉలకలేదు, పలకలేదు. నాకు ఉత్సాహం ఆగక కుర్చీలో గిరగిరా తిరుగుతున్నాను. పదీ ఇరవైకి మోగింది. డిపో స్టోర్‌కీపరు. స్పీకర్లో అందరికీ వినబడుతోంది.

"ఏం లేదమ్మా, చిన్న మాట. టైరు దగ్గర ప్రశ్న గుర్తు నొక్కితే డ్రైవరు సెలవు పేజీ వచ్చింది. అదేమిట్రా అనుకుని కిందికి చూస్తే 'ఇక్కడికి కాదా?' అని ఉంది. 'టైరు కావాలా?' నొక్కా. పనైపోయింది. మీకు తెలియాలి కదా అని చెబుతున్నా."

పరుగెత్తుకెళ్ళి కంప్యూటరు ముందు కూర్చున్నాను. టైరు నొక్కితే సెలవు. సెలవు నొక్కితే డీజిలు. డీజిలు నొక్కితే బ్యాటరీ. కొత్త స్క్రీనును నాలుగో చోట దూర్చినందుకు, దాని తర్వాతవన్నీ ఒక్కో గడి కిందికి జరిగి, పక్కవాడి పేజీని తెరుస్తున్నాయి. నలభై ఒక్క స్క్రీన్లలో సరిగ్గా పలుకుతున్నవి మొదటి మూడే! సరిచేయాలంటే డిపోలో కంప్యూటర్లన్నీ పావుగంట ఆపాలి. డ్యూటీ చీటీలు రాకపోతే బస్సులు కదలవు. సాయంత్రం ఆరు దాకా ఆపడానికి వీల్లేదు. అంటే పరీక్ష రోజంతా మా వదిన మాన్యువల్ తప్పుల తడకే.

ఎవరికీ తెలియదు, ఎవరి నెత్తినో వేసి తప్పుకోవచ్చు. అబద్ధం ఎందుకు, ఒక్క క్షణం ఆ ఆలోచన కూడా వచ్చింది. లేచి వదిన ముందుకెళ్ళి నిలబడ్డాను. మొహం ఎత్తలేకపోయాను.

"వదినా, నీ కొంప ముంచాను. తప్పు నాదే."

జరిగింది చెప్పాను. గీతల సారు పెన్ను మూత పెట్టేశాడు. "ఇవాళ్టి పరీక్ష రద్దు. ఇంకో సోమవారం చూద్దాం" అన్నాడు. వదిన బోర్డు వైపు చూసి, "ఇప్పటికి ఎన్ని గీతలు సార్?" అంది.

"నాలుగు."

"పొద్దుటి నుంచీ పేజీలన్నీ తప్పుగా వస్తుంటే, డిపో నుంచి ఆ తప్పు గురించి వచ్చింది ఒక్క ఫోనేనా?"

"ఒక్కటే" అన్నాడు సారు.

"మరి రద్దెందుకు? బస్‌స్టాండులో వర్షం పడి, బస్సులు తప్పు ప్లాట్‌ఫారాల్లో ఆగిన రోజునేగా ఎంక్వయిరీతో పని! సాగనివ్వండి." నా వైపు తిరిగి, "నువ్వేమిటి అలా వడలిపోయిన తోటకూర కాడలా నిలబడ్డావు? కూర్చుని టీ తాగు" అంది. తన ఉద్యోగాన్ని గంగలో కలిపినవాడికి టీ పోసిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆ టీ తాగుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆవిరి తగిలిందని చెప్పాను.

పన్నెండు లోపల ఇంకో మూడు ఫోన్లు వచ్చాయి. పేజీ తేడాగా ఉందని చెప్పడానికే గానీ, అడగడానికి కాదు. "దారి దొరికిందిలెండి" అనే అందరూ పెట్టేశారు. ఏడు గీతలు. మధ్యాహ్నం ఒకరు బస్సులో మర్చిపోయిన గిటారును సామాన్ల లిస్టులో ఏ పేరుతో రాయాలని అడిగారు. ఎనిమిది. మూడింటికి మళ్ళీ మా అమ్మ. "కోడలి ఉద్యోగం ఖాయమైందా? ఇంకా లేదా? సరే, గంటాగి చేస్తా." తొమ్మిది. "చేశావంటే పోతుందే!" అని నేను అరుస్తుండగానే పెట్టేసింది. వెంటనే మా అన్నయ్య పనిచేసే చోటికి కబురు పెట్టాం. ఆయన చేతిలో పని చేతిలోనే వదిలేసి ఇంటికెళ్ళి, అమ్మ పక్కన ఫోనుకు కాపలా కూర్చున్నాడు.

నాలుగున్నరకు డిపో మెకానిక్కు.

"నమస్తే. బ్రేకు సంగతి రాయాల్సొచ్చింది. పేజీ వేరేది వచ్చినా, కింద 'బ్రేకు పట్టడం లేదా?' అని ఉంటే నొక్కి రాసేశా. పదకొండేళ్ళ సర్వీసులో నేను ఫోన్ చేయకుండా కంప్యూటరు పని చేసుకోవడం ఇదే మొదలు. ఆ సంతోషం చెబుదామని ఫోన్ చేశా!"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పదో గీత పడింది. ఇక గంటన్నర. ఒక్కసారి మోగితే అయిపోయినట్టే. ఏడుగురం ఆ ఫోను వంక చూస్తూ ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. ఐదైంది. ఐదున్నరైంది. ఐదూ యాభై. పక్క కుర్చీలోని ప్రోగ్రామరావిడ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్ళు దిగాయి.

ఐదూ యాభై రెండుకు మోగింది.

"ఎత్తకు వదినా!" అన్నాను. "మోగితే మోగనీ, ఎనిమిది నిమిషాలేగా!"

గీతల సారు కూడా గోడ వైపు తిరిగి, తనకేమీ వినబడనట్టు క్యాలెండరు చూస్తున్నాడు. వదిన ఫోను వంక చూసింది, మా వంక చూసింది. "అవతల ఎవరో నిలబడి ఉంటారయ్యా" అని స్పీకరు నొక్కింది. నొక్కి, కంపెనీ పేరు చెప్పాల్సినదల్లా, పద్దెనిమిదేళ్ళ అలవాటుగా, "నమస్కారం, ఎంక్వయిరీ. చెప్పండి" అంది.

అవతల డిపో మేనేజరు గొంతు.

"ఎంక్వయిరీ అమ్మేనా?"

"అవునండీ."

"మీరా! అదీ సంగతి! పొద్దుటి నుంచీ మావాళ్ళు 'ఈ పుస్తకం రాసిందెవరో గానీ పక్కన కూర్చుని చెబుతున్నట్టుంది' అంటున్నారు. నాకేమో ఎక్కడో విన్న గొంతులా ఉంది, ఎవరిదో గుర్తు రాలేదు. ఇప్పుడు తెలిసింది. కుర్రాడిగా ఉద్యోగంలో చేరడానికి వచ్చిన రోజున డిపోకు దారి చెప్పింది మీరేనమ్మా. 'డిపోకేగా?' అని రెండోసారి కూడా అడిగారు."

వదిన కింద దిండు సర్దుకుని, "ఇప్పుడేం కావాలండీ మీకు?" అంది.

"ఏమీ వద్దమ్మా. రోజూ అరుపులతో హోరెత్తే ఆఫీసు ఇవాళ నిశ్శబ్దంగా ఉంది. మీ ఫోను గాని పాడైందేమో, మావాళ్ళకు లైను దొరకడం లేదేమోనని చూద్దామని చేశా. అంతే."

ఫోను పెట్టేశాక వదిన లేచి, చెంగుతో కళ్ళు తుడుచుకుని, బోర్డు వైపు వేలు చూపించింది. "గీయండి సార్. మోగిందంటే మోగినట్టే."

గీతల సారు పెన్ను మూత తీశాడు. పది గీతల పక్కన పదకొండోది, నిటారుగా, శ్రద్ధగా గీశాడు. వెనక్కి నడిచి దాన్ని తేరిపార చూశాడు. తర్వాత బోర్డు మూలన 'పది' అని రాసి ఉన్నదాన్ని అరచేత్తో తుడిచి, 'పదకొండు' అని రాశాడు.

"పదకొండుకు మించకూడదనేగా నేనన్నది?" అని మా వైపు తిరిగాడు.

"అవును సార్! పదకొండే!" అని ఆరుగురం ఒక్క గొంతుతో అరిచాం.

"అబద్ధాలు! అందరూ అబద్ధాలే!" అని వదిన గోల పెడుతూనే ఉంది. ఆ గోలలోనే ఆరైంది. ఆరూ ఒక నిమిషానికి ఫోను మళ్ళీ మోగింది. ఈసారి అందరం ఒకేసారి ఎగబడ్డాం. మా అన్నయ్య చేతిలోంచి ఫోను లాక్కుని మా అమ్మ చేసింది.

ఆ సాయంత్రమే పావుగంటలో వరుస సరిచేశాను. మర్నాడు వదిన తన మాన్యువల్లో ప్రోగ్రామర్ల కోసం ఒక కొత్త పేజీ రాసింది. అందులో ఒకటే మెట్టు: 'కొత్త స్క్రీను ఎంత ముచ్చటైనదైనా వరుస చివరే చేర్చండి.' దాని అడుగున, ప్రతి పేజీకీ ఉన్నట్టే, 'ఇక్కడికి కాదా? మరెక్కడికి?' అని ఉంది. దాని కింద ఒకే ఒక్క దారి: 'ఇప్పటికే మధ్యలో దూర్చేశారా? అయితే వెంటనే వచ్చి వదినకు చెప్పండి. టీ ఇస్తుంది.'